మొక్కల క్రీమును పరీక్షించడం నేర్చుకుందాం – 5వ పాఠం: రెండు చెంపలు, రెండు డబ్బాలు

పోయిన పాఠంలో అతిమధురం వేరు సారం కలిపిన క్రీమును 40 డిగ్రీల వేడిలో ఉంచి, విరిగిపోకుండా నిలుస్తుందో లేదో చూశాం. క్రీము పడక దురద, ఎరుపు వస్తాయేమో చూసే 48 గంటల ప్యాచ్ పరీక్ష కూడా ముంజేతి మీద అయింది. ఇప్పుడు అసలు ప్రశ్నలు. ఈ క్రీము రాస్తే చర్మంలో మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం, తగ్గుతుందా? చర్మం సాగుగుణం పెరుగుతుందా? ఆ మార్పు వస్తే అది సారం వల్లే వచ్చిందని ఎలా చెప్పగలం?

మొదటి రెండింటికి యంత్రాలు జవాబు చెబుతాయి. మూడోదానికి మన ఏర్పాటే జవాబు చెప్పాలి. ఈ పాఠంలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

నా మొదటి ప్రయోగం మే మొదట్లో ప్రారంభించి జూలై ఆఖరికి ముగించాను. వాలంటీర్లందరికీ ముఖమంతా ఒకే క్రీము ఇచ్చాను. పన్నెండు వారాలు తిరిగేసరికి అందరి మెలనిన్ అంకెలూ దిగాయి. సంతోషంగా కాగితాలు పట్టుకెళితే మా గైడు ఒక్క మాట అడిగారు: "క్రీము రాసుకోనివాళ్ళవి కొలిచావా?" కొలవలేదు. వేసవి ఎండకు కమిలిన ముఖాలు వానలు పడ్డాక వాటంతటవే తేటపడతాయి. క్రీము ఎంత చేసింది, వానాకాలం ఎంత చేసిందో విడదీసే దారే నా దగ్గర లేదు. ఆ పని మొత్తం పక్కన పెట్టేశాను. మీకు ఆ అవస్థ రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

దీనికి మందు బేస్ క్రీము. అవే నూనెలు, అదే మైనం, నూనెను నీటితో కలిపి ఉంచే అదే ఎమల్సిఫయర్, అంతే నీరు. సారం మాత్రం ఉండదు. ఒకే మనిషికి ఒక చెంపకు సారం క్రీము, రెండో చెంపకు బేస్ ఇస్తాం. ఆ మనిషి ఎండలో తిరిగితే రెండు చెంపలూ తిరుగుతాయి, నిద్ర చాలకపోతే రెండింటికీ చాలదు. కాలం, తిండి, వయసు అన్నీ రెండు వైపులా సమానం. పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ ఇస్లామియా విశ్వవిద్యాలయం ఫార్మసీ పరిశోధకులు రకరకాల మొక్కల సారాలను ఈ పద్ధతిలోనే పరీక్షించి ఎన్నో పత్రాలు ప్రచురించారు. పెద్ద ఖర్చు లేని చిన్న కాలేజీ కూడా చేయగల పని ఇది.

అయితే రెండు చెంపలూ నిజంగా సమానమేనా? మన దేశంలో కారు నడిపేవాళ్ళ కుడి చెంప కిటికీ వైపు ఉంటుంది. రోజూ బస్సులో ఒకే వైపు కిటికీ పక్కన కూర్చునేవాళ్ళున్నారు. అందుకని అందరికీ సారం కుడివైపే అని పెట్టకండి. ఒక్కొక్కరికీ నాణెం ఎగరేసి ఏ చెంపకు ఏదో తేల్చండి. ఆ జాబితా మీ దగ్గర ఉండకూడదు. కొలతలు తీయని మరొకరు కవరులో పెట్టి అంటించి దాచాలి. డబ్బాల మీద ఒక్కొక్కరికీ "కుడి", "ఎడమ" అని మాత్రమే రాసి ఉండాలి.

ఇక్కడ రంగు ఇబ్బంది పెడుతుంది. అతిమధురం సారం కలిస్తే క్రీము లేత పసుపుకు తిరుగుతుంది. బేస్ తెల్లగా కనిపిస్తే వాలంటీరు మొదటిరోజే పసిగడతాడు, మందు ఉన్న వైపు ఇంకాస్త శ్రద్ధగా రాసుకుంటాడు. బేస్‌లో చిటికెడు ఆహారపు రంగు కలిపి రెండింటినీ ఒకేలా కనిపించేలా చేయండి. వాసన కూడా సరిచూడండి.

చూపుడు వేలి చివరి కణుపు పొడవున ట్యూబులోంచి పిండిన క్రీము సుమారు అర గ్రాము. అది రెండు అరచేతుల వెడల్పుకు సరిపోతుంది. ఒక చెంపకు అందులో సగం, అంటే పావు గ్రాము చాలు. రోజుకు రెండుసార్లు, 56 రోజులు: 28 గ్రాములు. 30 గ్రాముల డబ్బా ఇచ్చి, ఆఖరిరోజు వెనక్కి తీసుకుని తూకం వేయండి. "రోజూ రాశానండీ" అన్న మాట నిజమో కాదో డబ్బా బరువు చెబుతుంది.

ఎనిమిది వారాలే ఎందుకు? మెలనిన్ తయారీలో మొదటి మెట్టు టైరోసినేజ్ అనే ఎంజైముది. అతిమధురంలోని గ్లాబ్రిడిన్ అనే పదార్థం ఆ ఎంజైముకు అడ్డు పడుతుంది. కానీ అప్పటికే తయారై పైపొరలోకి చేరిన మెలనిన్‌ను అది చెరపలేదు. ఆ పొర రాలిపోయి కొత్తది పైకి రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. రెండు చుట్లయినా తిరగనివ్వకపోతే క్రీముకు న్యాయం చేసినట్టు కాదు. వారంలో ఫలితమని చెప్పే క్రీము కనిపిస్తే నాకు ముందు అనుమానమొచ్చేది పాదరసం మీద, స్టెరాయిడ్ మీద. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు వాడి మూత్రపిండాల జబ్బు తెచ్చుకున్నవారి కేసులు బయటపడ్డాయి, కారణం పాదరసమే.

అందుకే వాలంటీర్లను చేర్చుకునేటప్పుడు "ముఖానికి ఏం రాస్తారు?" అని అడిగి ఊరుకోకండి. ఇంట్లో వాడే ట్యూబులన్నీ సంచిలో వేసుకుని రమ్మనండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మంగు మచ్చల క్రీములో మెలనిన్‌ను తగ్గించే హైడ్రోక్వినోన్ అనే మందు, స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చని చాలామందికి తెలియదు. స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది, మీ రెండు కొలతలూ చెడిపోతాయి. అలాంటివారిని చర్మ వైద్యుల దగ్గరికి పంపండి, ప్రయోగంలో చేర్చుకోవద్దు. గర్భిణులను, పాలిచ్చే తల్లులను కూడా చేర్చుకోకండి. ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో రాసిన అంగీకార పత్రం, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు – ఈ మూడూ మొదటి వాలంటీరు డబ్బా తెరవకముందే పూర్తి కావాలి.

ఇక యంత్రాలు. మెక్సామీటర్ చర్మం మీదికి 568, 660, 880 నానోమీటర్ల కాంతి పంపి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. 660, 880లతో మెలనిన్ అంకె, 568, 660లతో ఎరుపు అంకె వస్తాయి. రెండూ రాసుకోండి. ఎరుపు పెరిగిందంటే క్రీము చర్మాన్ని రేపుతోందన్నమాట. యంత్రం గొట్టాన్ని చర్మం మీద గట్టిగా నొక్కితే రక్తం పక్కకు జరిగి ఆ అంకె తప్పుతుంది.

సాగుగుణం తెలియాలంటే ముందు మీ చేతి వెనక చర్మాన్ని గిల్లి వదలండి. తర్వాత మీ నాయనమ్మ చేతిని అలాగే, మెల్లగా. మీ చర్మం వెంటనే సర్దుకుంటుంది, ఆమెది కాసేపు మడతగా నిలుస్తుంది. క్యూటోమీటర్ చేసేదీ ఇంచుమించు ఇదే. 2 మిల్లీమీటర్ల రంధ్రంలోకి 450 మిల్లీబార్ల పీడనంతో చర్మాన్ని పీల్చి వదిలి, ఎంత లేచింది, ఎంత వెనక్కి వచ్చింది చూస్తుంది. ఆ నిష్పత్తి పేరు ఆర్2. అది 1కి దగ్గరైన కొద్దీ సాగుగుణం మెరుగు.

ఇందులో ఒక మోసం ఉంది. తడి ఉన్న చర్మం సాగే తీరు వేరు. మంచి బేస్ క్రీము ఒక్కటే ఆర్2ను పెంచగలదు. కొలిచే రోజు ఉదయం క్రీము రాయవద్దని చెప్పండి, పక్కనే కార్నియోమీటర్‌తో తేమ కూడా కొలవండి. తేమ, ఆర్2 కలిసి పెరిగితే "కొల్లాజెన్ (చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రొటీన్) పెరిగింది" అని రాసే హక్కు మనకు లేదు.

కొలిచే గది 20–22 డిగ్రీల్లో, గాలిలో తేమ 40–60 శాతం ఉండాలి. ముఖం కడుక్కున్నాక వాలంటీరు అక్కడ అరగంట కదలకుండా కూర్చోవాలి. విజయవాడ ఎండలోంచి వచ్చిన మనిషిని అలాగే కొలిస్తే చెమటను కొలిచినట్టే. పారదర్శక షీటు మీద చెవి, పెదవి మూల, పుట్టుమచ్చలు గీసుకుని, కొలిచే చోట రంధ్రం చేయండి. ఎనిమిదో వారంలోనూ అదే షీటు పెట్టి అదే చోట కొలవాలి. ప్రతి చోటా మూడుసార్లు కొలిచి సగటు తీయండి.

ఇంకొక కొలత మొదటిరోజే తీయండి: చంకకు దగ్గరగా, ఎండ తగలని చేతి లోపలి వైపు మెలనిన్. ఆ మనిషి పుట్టు రంగు అదే. మన క్రీము ఎండ కమిలిన చెంపను ఆ రంగు వైపు తీసుకురాగలిగితే చాలు. అంతకు మించి తెల్లబరచాలని నేను ఎవరికీ నేర్పను. చామనఛాయ జబ్బు కాదు. పెళ్ళిచూపులకు ముందు ఇలాంటి క్రీముల కోసం నా దగ్గరికి వచ్చిన అమ్మాయిల ముఖాలు నాకింకా గుర్తే. మీ నివేదికలో "తెల్లబడింది" అని రాయకండి, "మెలనిన్ అంకె ఇంత తగ్గింది" అని రాయండి.

లెక్క చూద్దాం. ఇవి సాధన కోసం నేను వేసిన అంకెలు. ఒక వాలంటీరుకు సారం రాసిన చెంప 412 నుంచి 371కి వచ్చింది: 41ని 412తో భాగిస్తే సుమారు 10 శాతం తగ్గుదల. బేస్ చెంప 408 నుంచి 383కి: 6.1 శాతం. సారం ఖాతాలో వేయదగ్గది సుమారు 4 శాతం పాయింట్లే. డబ్బా మీద "10 శాతం" అని అచ్చు వేస్తే అందులో సగానికి పైగా అబద్ధం. ఆర్2 సారం వైపు 0.68 నుంచి 0.74కి (8.8 శాతం), బేస్ వైపు 0.69 నుంచి 0.73కి (5.8 శాతం) పెరిగింది. తేడా 3 పాయింట్లు. ఒక్క మనిషి తేడాతో ఏదీ తేల్చలేం. అందరి తేడాలనూ కలిపి తూచే జత టి-పరీక్ష వచ్చే పాఠంలో.

అప్పటిలోగా ఈ రెండు పనులు చేయండి. యంత్రం అందుబాటులో ఉంటే మీ ముంజేతి మీద ఒకే చోట పదిసార్లు మెలనిన్ కొలిచి, అంకెలు ఎంత చెదురుతున్నాయో చూడండి. యంత్రం లేనివారు తెల్ల కాగితం పక్కన పెట్టి, ముంజేతి మీద ఒకే చోటును ఉదయం, మధ్యాహ్నం పగటి వెలుతురులో, రాత్రి ట్యూబ్‌లైటు కింద ఫోనుతో ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది ఈ లెక్క: మరో వాలంటీరుకు సారం చెంప 455 నుంచి 430కి, బేస్ చెంప 450 నుంచి 421కి వచ్చాయి. సారం డబ్బాలో 24 గ్రాములు మిగిలాయి, బేస్ డబ్బాలో 3. ఈ మనిషిని లెక్కలో ఉంచుతారా, తీసేస్తారా? కారణం రాసిపెట్టుకోండి. ఆరో పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.