ఓపెన్ సాన్స్ లైట్ ఇటాలిక్: అక్షరం పాడైనట్టు కనిపిస్తే ఎక్కడ చూడాలి?

స్టీవ్ మ్యాటెసన్ గీసిన ఓపెన్ సాన్స్ అనే ఫాంటులో లైట్ ఇటాలిక్ అంటే నాకు చాలా ఇష్టం. సన్నటి గీత, కొద్దిపాటి వాలు. పెద్ద సైజులో ఒక కొటేషన్ పెడితే పేజీకే కళ వస్తుంది. చిన్న పొరపాటు జరిగినా ఆ కళంతా పోతుంది.

సమస్య: అక్షరాలు పక్కకి నెట్టినట్టు వంకరగా ఉన్నాయి.

ముందు ఇంగ్లిష్ చిన్న ‘ఏ’ని చూడండి. నిలువు అక్షరంలో పొట్ట మీద గొడుగులాంటి వంపు ఉంటుంది. అసలైన ఇటాలిక్‌లో ఆ గొడుగు ఉండదు. చేత్తో రాసినట్టు ఒక పొట్ట, పక్కన ఒక గీత, అంతే. మీకు గొడుగు కనిపిస్తోందంటే ఇటాలిక్ ఫైలు లోడ్ కాలేదు, బ్రౌజర్ నిలువు అక్షరాన్నే వాల్చి చూపిస్తోంది. అలా వాల్చితే గుండ్రటి వంపుల్లో మందం ఒకచోట పెరిగి, ఒకచోట తగ్గుతుంది. లైట్‌కి సరిపోయే 300 వెయిట్ (గీత మందాన్ని చెప్పే అంకె) ఇటాలిక్ ఫైలును విడిగా జత చేయండి. వేరియబుల్ ఫాంటు (అన్ని మందాలూ ఒకే ఫైలులో ఉండేది) వాడుతున్నా ఇటాలిక్ ఫైలు వేరేగానే ఉంటుంది. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో ఫాంట్-సింథసిస్‌ను నన్ (none) అని పెడితే దొంగ వాలు ఆగిపోయి, తప్పు వెంటనే దొరుకుతుంది.

సమస్య: బోల్డ్ చేసిన మాట బోల్డ్‌గా కనిపించదు.

చాలామందిని బాగా తిప్పలు పెట్టేది ఇదే. మాటను బోల్డ్ చేయడానికి వాడే స్ట్రాంగ్ ట్యాగ్‌ని బ్రౌజర్ మామూలుగా ‘చుట్టూ ఉన్నదానికంటే మందంగా’ అనే అర్థంలో తీసుకుంటుంది. చుట్టూ 300 ఉంటే అది 400 (రెగ్యులర్) దగ్గరే ఆగుతుంది, 700కి (బోల్డ్) వెళ్లదు. 400 ఇటాలిక్ ఫైలు కూడా లేకపోతే మళ్లీ 300నే వాడుతుంది. స్ట్రాంగ్‌కి 700 అని అంకె వేసి, ఆ ఇటాలిక్ ఫైలునూ ఇవ్వండి.

సమస్య: పక్కనున్న తెలుగు కూడా వాలిపోయింది.

తెలుగు అచ్చులో ఇటాలిక్ సంప్రదాయం లేదు. నోటో సాన్స్ తెలుగు అనే ఫాంటులోనూ ఇటాలిక్ ఉండదు. కాబట్టి బ్రౌజర్ బలవంతంగా వాలుస్తుంది, తలకట్లూ వత్తులూ పక్కకి ఒరుగుతాయి. మన లిపిని దయచేసి అలా వంచకండి. తెలుగు భాగానికి ఫాంట్-స్టైల్ నార్మల్ పెట్టి, తేడా చూపాలంటే రంగో వెయిటో మార్చండి.

సమస్య: అక్షరాలు మాసిపోయినట్టున్నాయి.

స్క్రీన్ మీదైతే బూడిద రంగే కారణం కావచ్చు. యాక్సెసిబిలిటీ ప్రమాణం మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరం రంగుకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా) అడుగుతుంది. సన్నగీత అంచులు స్క్రీన్ మీద ఇంకా పాలిపోతాయి కాబట్టి ఆ అంకె దగ్గరే ఆగకండి, నలుపుకి దగ్గరగా వెళ్లండి.

ప్రింటులో ముదురు రంగు మీద తెల్లక్షరాలైతే చుట్టూ ఉన్న ఇంకు పాకి గీతను మింగేస్తుంది. మా ఇంటి శుభలేఖలో వేదిక అడ్రసు ఇలాగే పోయింది, అందరికీ ఫోన్ చేసి చెప్పాల్సొచ్చింది. అలాంటిచోట రెగ్యులర్ ఇటాలిక్‌కి మారండి, సైజు పెంచండి. తెల్ల కాగితం మీదైతే నాలుగు రంగులు కలిపి కాకుండా ఒకే ఇంకుతో వేయించండి. రంగులు వెంట్రుకవాసి జరిగినా ఇంత సన్నటి గీత రెండుగా కనిపిస్తుంది.