అబద్ధం చెప్పే కథకురాలితో యువతకు మిస్టరీ నవల రాయడం ఎలా?

"ఇంతవరకూ చెప్పిందంతా నేను కల్పించిందే" అని కథానాయిక చివరి అధ్యాయంలో ఒప్పుకోగానే నవల పూర్తయిందనుకునే రాతప్రతులు ఇప్పటికీ నా బల్ల మీదకు వస్తూనే ఉన్నాయి. రెండు వందల పేజీలు నమ్మి చదివిన పాఠకుడికి అక్కడ ఆశ్చర్యం కలగదు, కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. కథ చెప్పే పాత్ర అబద్ధం ఆడవచ్చు, రాసేవారు ఆడకూడదు. 'నమ్మదగని కథకుడు' అనే పేరును 1961లో వాడుకలోకి తెచ్చిన అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ మాట సారాంశం కూడా ఇదే. కథకుడికీ రచనకూ మధ్య దూరం ఉండాలి, ఆ దూరం పాఠకుడికి అందాలి.

కావలసినవి

రెండు పొడవాటి నోటుపుస్తకాలు, ఒక నీలం కలం, ఒక ఎర్ర కలం. మొదటి ప్రతి చేత్తోనే రాయాలి, కంప్యూటర్ తర్వాత. కథకురాలికి 16 నుంచి 18 ఏళ్ల మధ్య వయసు ఉండాలి. కథ ఉత్తమ పురుషలో, జరిగిపోయిన కాలంలో సాగాలి. వర్తమాన కాలంలో రాయవద్దు, ఎందుకంటే అప్పటికప్పుడు చెప్పే మనిషికి దాచుకునే వ్యవధి ఉండదు. నవల యాభై వేల పదాలు దాటకూడదు.

ఊరు

మీకు బాగా తెలిసిన ఊరినే తీసుకోండి. పేరులేని కొండ ఊళ్లు, పొగమంచు కమ్మిన బంగళాలు వద్దు. అబద్ధాన్ని పాఠకుడు సరిచూసుకోగలిగితేనే అది అబద్ధంగా పనిచేస్తుంది. ఊహల ఊళ్లో దేన్ని దేనితో సరిచూస్తాడు? నేను విశాఖపట్నాన్నే వాడతాను. ఇక్కడివారందరికీ ఒకే రోజు గురించి సొంత జ్ఞాపకం ఉంది: 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. కరెంటు పోవడం, ఫోన్లు మూగబోవడం, చెట్లు కూలడం ఎవరూ మర్చిపోలేదు. ఆ రోజు ఏడేళ్ల పిల్లకు 2024లో పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం, చుట్టూ పరీక్షల ఒత్తిడి. ఇంతకంటే మంచి కథకురాలు దొరకదు.

నిజం పుస్తకం

మొదటి నోటుపుస్తకంలో అసలు ఏం జరిగిందో గంటగంటకూ ప్రథమ పురుషలో రాయండి. ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది. ఉదాహరణకు మన కథకురాలు సాహితి. తుపాను కన్ను మీదకు వచ్చి గాలి కాసేపు ఆగినప్పుడు, తన పిల్లి కోసం అన్నయ్యను వీధి చివరి గెడ్డ (వాగు) దగ్గరకు పంపింది. ఎదురు దిక్కు నుంచి గాలి మళ్లీ విరుచుకుపడింది. అన్నయ్య రాలేదు. భయపడిపోయిన పిల్ల, "అన్నయ్య ఫోన్ చేశాడు, భీమిలిలో స్నేహితుడి ఇంట్లో ఉన్నాడట" అని చెప్పింది. వెతికేవాళ్లంతా భీమిలి వైపు వెళ్లారు. నిజం ఇంతే. ఇది తేలకుండా, నవల రాసే రెండో పుస్తకం తెరవవద్దు.

అబద్ధానికి కారణం

కావాలని మోసం చేసే కథకురాలు నాకు నచ్చదు, యువతకు రాసే నవలకు అసలే పనికిరాదు. తాను చెప్పేది నిజమని ఆమె నమ్మాలి. అది ఎలా సాధ్యమో మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో చూపించింది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కారు ప్రమాదం దృశ్యం చూపించి, కార్లు 'తగిలినప్పుడు' వేగం ఎంత అని కొందరిని, 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' ఎంత అని మరికొందరిని అడిగారు. వారం తర్వాత పగిలిన గాజు కనిపించిందా అంటే రెండో ప్రశ్న విన్నవారిలో 32 శాతం, మొదటిది విన్నవారిలో 14 శాతం కనిపించిందన్నారు. దృశ్యంలో పగిలిన గాజు లేనే లేదు.

దీన్ని మన కథలోకి తెచ్చుకోండి. "అన్నయ్య నిజంగా ఫోన్ చేశాడా?" అని అమ్మ ఒక్కసారీ అడగలేదు. పదేళ్లుగా, "ఫోన్‌లో అన్నయ్య గొంతు ఎలా ఉందమ్మా?" అనే అడిగింది. అడిగిన ప్రతిసారీ సాహితి కొంచెం చేర్చింది. ఇప్పుడు ఆ గొంతు ఆమెకు నిజంగానే వినిపిస్తుంది.

ఈ పని తెలియనివారే మతిమరుపు జబ్బునో, కవల సోదరినో, కలనో పట్టుకుంటారు. అన్నిటికంటే ఘోరం, చివరి పేజీలో అమ్మాయిని చినవాల్తేరు మానసిక చికిత్సాలయానికి పంపి చేతులు దులుపుకోవడం. మీ పుస్తకం చదివే పదిహేడేళ్ల పిల్లల్లో ఆ వైద్యం తీసుకుంటున్నవారు ఉంటారు. వాళ్ల మాటకు విలువ లేదని మీ నవల చెప్పకూడదు. సాహితికి జబ్బు లేదు, మోయలేని బరువు ఉంది.

ఆధారం నాటడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

ఆర్కే బీచ్‌లో కూర్చుని సూర్యుడు సముద్రంలో మునగడం చూశానని సాహితి చెప్పిందనుకోండి. విశాఖకు సముద్రం తూర్పున ఉంది. ఇక్కడ సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. ఇది ఆమె అబద్ధానికి ఆధారమని మీరు సంబరపడతారు. పాఠకుడు మాత్రం రచయితకు ఊరు తెలియదనుకుని పుస్తకం మూసేస్తాడు. తప్పు కథకురాలిదా, రచయితదా అన్న అనుమానం ఒక్కసారి పుట్టిందంటే మీ మిగతా ఆధారాలన్నీ అచ్చుతప్పులుగానే కనిపిస్తాయి.

అందుకే ముందు నిజం, తర్వాత అబద్ధం. ఈ వరుసను ఎప్పుడూ తిప్పవద్దు. రెండో అధ్యాయంలో సాహితే చెప్పాలి: మధ్యాహ్నానికే ఫ్యాను ఆగిపోయింది, అమ్మ ఫోన్ పట్టుకుని గదిగదీ తిరిగినా ఎక్కడా సిగ్నల్ లేదు, ల్యాండ్‌లైన్ కూడా పలకలేదు. ఆ సన్నివేశం ఫోన్ గురించి కాకూడదు. కిటికీ అద్దం పగిలి వాన నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయి, అందరూ పరుపులు ఎత్తుతున్నారు. ఫోన్ మాట ఆ హడావుడిలో ఒక వాక్యంగా దొర్లిపోవాలి. పాఠకుడి దృష్టి పరుపుల మీద ఉంటుంది, ఫోన్ సంగతి మనసులో ఒక మూల ఉండిపోతుంది.

ఏడో అధ్యాయంలో అబద్ధం: "ఆ సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు." అంతే. ఆశ్చర్యార్థకం, కన్నీళ్లు, "ఇది నిజం, నమ్మండి" లాంటి మాటలు ఏవీ వద్దు. రెండు చోట్లకూ మధ్య నాలుగు అధ్యాయాలైనా ఉండాలి. అంతకు తగ్గితే పాఠకుడు వెంటనే పట్టేస్తాడు, పదికి మించితే మొదటిది మర్చిపోతాడు.

మూడో స్పర్శ లేకపోతే పై రెండూ వృథా. పక్కింటి పిన్నిగారు ఏదో సందర్భంలో, "మీ బాబాయిగారు గాజువాక నుంచి నడిచి వచ్చేదాకా ఆయన క్షేమమో కాదో తెలియలేదమ్మా, ఫోన్లెక్కడివి అప్పుడు!" అంటారు. తాను ఆధారం ఇస్తున్నానని ఆవిడకు తెలియదు. ఇప్పుడు సాహితి ఏం చేస్తుందన్నదే నవలకు ప్రాణం. ఆమె వాదించకూడదు, తడబడకూడదు. "కాఫీ పెట్టనా పిన్నీ?" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోవాలి. ఆ లేవడంతో పాఠకుడికి అర్థమవుతుంది, లెక్క తప్పింది రచయిత కాదని. ఈ స్పందన రాయకుండా ఆధారాన్ని మాత్రమే పెట్టేవారు సగం పని చేసి పూర్తి ఫలితం ఆశిస్తున్నారు.

ఇంకో జాగ్రత్త. ఆమె మనసులో ఆ క్షణాన మెదిలే ఆలోచనను మీరు దాచిపెట్టకూడదు. గెడ్డ గుర్తొచ్చే చోట ఆలోచనను కత్తిరించి మరుసటి రోజుకు దూకితే మోసం ఆమెది కాదు, మీదే అవుతుంది. ఆమె చూపునే మళ్లించండి. గెడ్డ వంతెన మీద బస్సు వెళ్తున్నప్పుడల్లా ఆమె ఫిజిక్స్ సూత్రాలు వల్లించుకోవాలి. నాలుగోసారి వల్లించేసరికి పాఠకుడే బస్సు కిటికీలోంచి గెడ్డ వైపు చూడటం మొదలుపెడతాడు.

ఆమె వాక్యాల్లోని క్రియల్ని కూడా కనిపెట్టి ఉండండి. మిగతా కథంతా "తెరిచాను, పిలిచాను, పరిగెత్తాను" అనే అమ్మాయి ఆ రోజు దగ్గరకు రాగానే "తలుపు తెరుచుకుంది, ఆలస్యమైంది, పిల్లి కనిపించకుండా పోయింది" అంటుంది. చేసిన మనిషి వాక్యంలోంచి మాయమవుతుంది. ఇలాంటి చోట్లను ఎర్ర కలంతో గీసుకోండి. నవల మొత్తంలో పచ్చి అబద్ధాలు మూడే ఉండాలి, మిగతా పనంతా ఈ క్రియలే చేయాలి.

పరీక్ష

రాతప్రతిని ఇద్దరికి ఇవ్వండి, వారిలో ఒకరు తప్పకుండా ఇంటర్ చదివేవారై ఉండాలి. బాగుందా అని అడగవద్దు. సాహితి మీద మొదటి అనుమానం ఏ పేజీలో వచ్చిందో అడగండి. నవలలో మూడో వంతు గడవకముందే వస్తే పిన్నిగారి సన్నివేశాన్ని ఇంకా తర్వాతి అధ్యాయానికి జరపండి. చివరిదాకా రాలేదంటే రెండో అధ్యాయంలోని ఫోన్ వాక్యం మరీ లోతుకు పోయిందని అర్థం, దాన్ని పేరా చివరకు తీసుకురండి.

ముగింపులో సుదీర్ఘమైన ఒప్పుకోలు రాయవద్దు. సాహితి అమ్మతో ఒక్క మాట చెబితే చాలు: "ఆ రోజు ఫోన్ పనిచేయలేదమ్మా." అది రాశాక రెండో అధ్యాయానికి వెళ్లి, అమ్మ ఫోన్ పట్టుకుని తిరిగిన వాక్యం ఇంకా అక్కడే ఉందో లేదో చూసుకోండి. దిద్దుబాట్లలో ఎక్కువగా ఎగిరిపోయేది అదే.