వేడెక్కిన ఇంజిను – ఐదో పాఠం: ఖాళీ గూడు

పోయిన పాఠంలో రేడియేటర్ మూత తీసి, ఇంజిను నడుపుతూ బుడగలు చూడమన్నాను. చూశారు. బుడగ కనబడగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిను బ్లాకుకూ దాని పైనుండే హెడ్‌కూ మధ్య పలచటి పొర) పోయిందని చాలామంది తేల్చేశారు. ఇద్దరైతే హెడ్ విప్పించారు, గ్యాస్కెట్ చెక్కుచెదరలేదు. ఆ ఖర్చుకు బాధ్యత నాదే. కూలెంట్ (ఇంజినును చల్లబరిచే నీరు) కొత్తగా పోసిన బండిలో చిక్కుకున్న గాలి కూడా బుడగలుగానే బయటపడుతుందని నేను చెప్పి ఉండవలసింది.

చిక్కుకున్న గాలి అయితే నీరు తిరగడం మొదలయ్యాక బుడగలు పలచబడి ఆగిపోతాయి. సిలిండర్ నుంచి వచ్చే వాయువు ఆగదు, ఇంజిను వేగం పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, గేజితో చూడండి. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపితే వాటి మధ్య గ్యాస్కెట్‌ను అనుమానించాలి. గేజి బిగించడం మీకు వచ్చు కాబట్టి ముందుకు వెళుతున్నాను.

నాకు కోపం తెప్పించే మరమ్మతు ఒకటుంది. బండి వేడెక్కుతోందని షెడ్డుకు తీసుకెళితే, "మన ఎండలకు ఇది అక్కర్లేదు సార్" అంటూ థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని కవాటం) పీకేసి పంపుతారు. చాలా కార్లలో అది 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అది లేకపోతే నీరు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లోకి పోతుంది. ఉష్ణోగ్రత ముల్లు కిందనే ఉంటుంది, యజమాని సంతోషిస్తాడు. ఇంజిను ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోక ఆయిల్ మూత కింద తెల్లగా పేరుకుంటుంది. కొన్ని ఇంజిన్లలో మరీ అన్యాయం: బైపాస్ దారిని మూసేదీ థర్మోస్టాటే, అది లేకపోతే వేడినీరు రేడియేటర్‌కు పోకుండా మళ్లీ ఇంజినులోకే తిరిగి, బండి ఇంకా వేడెక్కుతుంది.

మా బావమరిది కారు అలాగే వచ్చింది. ఆయిల్ మూత కింద వెన్నలాంటి పూత. ఆయిల్‌లో నీళ్లు కలిశాయి, హెడ్ దించాలని షెడ్డువాళ్లు అన్నారట. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ తేనెరంగులో తేటగా ఉంది, కూలెంట్ మట్టం వారం రోజులైనా తగ్గలేదు. రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి పెట్టాను. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కవలసింది, మొదటినుంచీ మెల్లమెల్లగా గోరువెచ్చబడింది. రెండు బోల్టులు విప్పితే థర్మోస్టాట్ గూడు ఖాళీ. అంచున ఎర్రటి సిలికాన్ పేస్టు లోపలికి వేలాడుతోంది. (థర్మోస్టాట్ కింది గొట్టం వైపు ఉండే ఇంజిన్లలో చెయ్యి అక్కడ పెట్టాలి.)

పాత థర్మోస్టాట్‌ను మరిగే నీళ్లలో వేసి పరీక్షించవచ్చు. నేనైతే బాగా వేడెక్కిన ఇంజినుకు కొత్తదే వేస్తాను.

అభ్యాసం: ఏడు రోజులు, ప్రతి ఉదయం స్టార్టు చేయకముందే కూలెంట్, ఆయిల్ మట్టాలు రాయండి. గొట్టం ఎన్నో నిమిషంలో వేడెక్కిందో రాయండి. షెడ్డులో మార్చామన్న ప్రతి పాత భాగాన్నీ అడిగి తెచ్చుకోండి. ఈ ఏడు రోజుల లెక్క చేతికి వచ్చేదాకా ఎవరూ హెడ్ విప్పించవద్దు.