దావావో నుంచి బోస్టన్‌కు: ఫిలిప్పీన్స్ పల్లెకు చుట్టపుచూపుగా వెళ్లడం ఎలా

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి దావావోకు వైద్యం చదవడానికి వెళ్లే పిల్లల్లో చాలామంది కాలేజీ, హాస్టలు, తెలుగు మెస్సు తప్ప మరేమీ చూడకుండానే పట్టా పుచ్చుకుని వచ్చేస్తారు. అందుకే సహవిద్యార్థి ఎవరైనా "మా ఊరి ఫియెస్టాకు రా" అని, అంటే ఊరి పండగకు పిలిస్తే కాదనకండి. నాది కావలి. అక్కడ చదివే రోజుల్లో స్నేహితురాలితో కలిసి వాళ్ల ఊరు బోస్టన్ వెళ్లేదాన్ని. అమెరికాలోది కాదు, దావావో ఓరియెంటల్ ప్రావిన్సుకు ఉత్తరపు కొసన, పసిఫిక్ ఒడ్డున ఉన్న మునిసిపాలిటీ. మునిసిపాలిటీ అనగానే మన కావలిని ఊహించుకోవద్దు. చర్చి, మేయరు ఆఫీసు, మార్కెట్టు ఉన్న నడిబొడ్డు ఒకటి, దాని చుట్టూ బారంగాయ్‌లనే పల్లెలు, కొబ్బరి తోటలు. మన లెక్కలో చిన్న మండలం.

కానుక సంగతి సెలవులకు ఇంటికొచ్చినప్పుడే చూసుకోండి. మలై కాజా అంత దూరం నిలవదు. ఉదయగిరి చెక్క చెంచాలు, ఫోర్కులు తీసుకెళ్లండి. అక్కడ చాలా ఇళ్లలో భోజనాల గది గోడకు చెయ్యంత పొడవున్న చెక్క చెంచా, ఫోర్కు జంటగా వేలాడుతుంటాయి, పక్కనే క్రీస్తు చివరి విందు పటం. నేనిచ్చిన చెంచాను మా స్నేహితురాలి అమ్మమ్మ వాసన చూసి, వేలితో అంచంతా తడిమి, ఏ చెట్టు చెక్క అని అడిగింది. ఆ తర్వాత దాన్ని ఎవరినీ వాడనివ్వలేదు.

చెప్పులు గుమ్మం బయటే వదలాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి, కుడిచేతిని అందుకుని, కాస్త వంగి, ఆ చేతి వెనకభాగాన్ని మీ నుదుటికి ఆనించుకోండి. మనలా కాళ్లకు మొక్కబోతే కంగారుపడతారు. మీకన్నా పెద్దవాళ్లను ఉత్త పేరుతో పిలవకండి: అన్న అయితే కుయా, అక్క అయితే ఆతె, తాత లోలో, అమ్మమ్మ లోలా. మర్నాడు ఇంటివాళ్లను వెంటబెట్టుకుని బారంగాయ్ కెప్టెన్‌కు కనిపించి రండి. ఆయన సర్పంచి లాంటివాడు. ఊళ్లోకి కొత్త మనిషి వచ్చిన కబురు ఎలాగూ ఆయనకు చేరుతుంది, మీరే చెబితే గౌరవం. యువజన మండలి అధ్యక్షుడినీ పలకరించండి. 18 నుంచి 24 ఏళ్లలోపు వాళ్లే ఆ పదవికి పోటీ చేయాలి కాబట్టి మీ ఈడువాడే అయి ఉంటాడు.

పిల్లలు మిమ్మల్ని చూసి "బుంబాయ్" అంటారు. మోటారు సైకిళ్ల మీద తిరుగుతూ అయిదు ఇచ్చి ఆరు వసూలు చేసే వడ్డీ వ్యాపారుల్లో పంజాబీలు ఎక్కువ; భారతీయుడంటే అక్కడ వాళ్లే గుర్తొస్తారు. కోపం తెచ్చుకోకుండా "నాకెవరూ బాకీ లేరు" అనండి, ఇల్లంతా నవ్వుతుంది.

ఇక తిండి. మామూలు రోజుల్లో భోంచేస్తున్నవాళ్లు దారిన పోయేవారిని రమ్మని పిలవడం మర్యాద కోసమే. నవ్వి, మీరు కానివ్వండి అంటే చాలు. ఫియెస్టా రోజున మాత్రం నిజంగానే పిలుస్తారు. ముఖపరిచయం లేని ఇంట్లోనూ ఒక ముద్ద తినాలి. నిప్పుల మీద తిప్పుతూ కాల్చిన పంది విందుకు రాజు. తినకపోతే ముందురోజే చెప్పండి, చేపలు చూస్తారు. వెనిగర్‌లో అల్లం, ఉల్లి వేసి ఊరబెట్టిన పచ్చిచేపను కినిలావ్ అంటారు. మామిడికాయ చేపల పులుసు తిని పెరిగిన నాలుకకు ఆ పులుపు కొత్తేమీ కాదు, ఉడకని ముక్కే కొత్త. కొబ్బరి కల్లు ఒకే గ్లాసులో వరసగా తిరుగుతుంది. తాగనివారు గుండె మీద చెయ్యి పెట్టుకుని వద్దంటే ఎవరూ బలవంతపెట్టరు.

తుపాను మాట మీరుగా ఎత్తకండి. 2012 డిసెంబరు 4న పాబ్లో తుపాను ఈ తీరాన్నే తాకింది. బగాంగా, కతీల్, బోస్టన్ అన్నీ నేలమట్టమయ్యాయి. ఎండుకొబ్బరి మీద బతికే ఊళ్లలో చెట్లు పడిపోతే కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఏళ్లు పడుతుంది. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. మధ్యలో మన నెల్లూరు తుపాన్ల లెక్క అందుకోకండి.

బయల్దేరేటప్పుడు విందులో మిగిలినవి పొట్లం కట్టి చేతిలో పెడతారు, తీసుకోవాల్సిందే. వాతావరణ సంస్థ పగాసా గాలి హెచ్చరికలు 1 నుంచి 5 దాకా ఉంటాయి. ఏ నంబరు ఎగరేసినా దించేదాకా బస్సెక్కకండి. క్లాసు పోతుందని మీరు తొందరపడినా లోలా ఎలాగూ కదలనివ్వదు.