రొమేనియా ఆఫీసర్లతో ఓడెక్కుతున్నారా? ఈ గెలుపు మాటలు నేర్చుకోండి

మా గాజువాక వైపు కుర్రాళ్లు మొదటి కాంట్రాక్ట్ చేతికి రాగానే నా దగ్గరికి వస్తుంటారు. జీతం ఎప్పుడు పడుతుంది, తిండి ఎలా ఉంటుంది, సైన్ ఆఫ్, అంటే కాంట్రాక్ట్ అయి ఓడ దిగేది, ఎప్పుడు అని అడుగుతారు. అవన్నీ ఏజెంటే చెప్తాడు. నేను ఎదురడిగేది ఒకటే: "ఆఫీసర్లు ఎక్కడివాళ్లురా?" రొమేనియా అన్నారంటే టీ చెప్పి ఈ పాఠం మొదలుపెడతాను. నేను సెకండ్ ఇంజనీర్ని, భాషా పండితుణ్ణి కాదు. ఇక్కడ రాసేవి మెస్ రూమ్‌లో వినీ వినీ పట్టుబడినవి.

రొమేనియాకి నల్ల సముద్రం ఒడ్డున కొన్‌స్తాన్త్సా అనే పెద్ద రేవు ఉంది. నావికా అకాడమీ, మారిటైమ్ యూనివర్సిటీ రెండూ ఆ ఊళ్లోనే. ఓడ మీద ఏ దేశం జెండా ఎగిరినా, చీఫ్ ఇంజనీరో చీఫ్ మేటో అక్కడివాడు తగలొచ్చు. వాళ్లూ మనమూ మాట్లాడుకునేది ఇంగ్లీషే. కాకపోతే సంతోషం వచ్చినప్పుడు వాళ్ల నోట రొమేనియన్ దొర్లుతుంది, మన నోట తెలుగు దొర్లినట్టే.

ముందు ఒక హద్దు గీసుకోండి. బ్రిడ్జి మీద (ఓడని నడిపే గది), వీహెచ్‌ఎఫ్ రేడియోలో, ఇంజన్ కంట్రోల్ రూమ్‌లో పని నడుస్తుంటే జాతీయాల జోలికి పోవద్దు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ఎస్‌ఎంసీపీ వాక్యాలు, అంటే ఓడల మీద వాడే ప్రామాణిక ఇంగ్లీషు వాక్యాలు, ఉన్నవి అందుకే. రేవులో దారి చూపించే పైలట్ అడిగినదానికి "పీస్ ఆఫ్ కేక్ (చాలా తేలిక), సార్" అని జవాబిచ్చే కుర్రాణ్ణి నేనైతే బ్రిడ్జి దింపేస్తాను. కింద చెప్పేవన్నీ భోజనాల బల్ల దగ్గరి మాటలు.

ఉచ్చారణ గురించి బెంగ వద్దు. వాళ్ల 'త్స' మనం 'చాప', 'చలి' అన్నప్పుడు పలికే 'చ'. సక్సెస్‌ని వాళ్లు 'సుక్‌చెస్' అంటారు, బరువు చివర పెట్టాలి. పని మొదలుపెట్టబోయేవాడికి 'ముల్ట్ సుక్‌చెస్' అంటే ఇంగ్లీషు 'గుడ్ లక్' అన్నట్టు. దగ్గరి స్నేహితుల మధ్య 'బఫ్తా' చాలు. కొత్త ఉద్యోగం, కొత్త ఇల్లు, కొత్త ఇంజన్, ఏది మొదలైనా 'సా ఫియె ఇంత్రున్ చాస్ బున్' అంటారు. మంచి గడియలో జరగాలి అని అర్థం. కొత్త బండిని విశాఖ సంపత్ వినాయగర్ గుడి ముందు నిలబెట్టి పూజ చేయించే ఊరివాళ్లం, దీన్ని మనకి విడమరిచి చెప్పక్కర్లేదు.

అసలు చిక్కంతా పరీక్షల దగ్గర వస్తుంది. మీరు సెలవుకి వచ్చి ఎంఎండీలో (మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్) ఓరల్స్‌కి, అంటే మౌఖిక పరీక్షకి, కూర్చుంటారు, తిరిగి ఓడెక్కగానే అందరూ అడిగేది అదే. ఇంగ్లీషులో 'ఐ టుక్ ద ఎగ్జామ్' అంటే పరీక్ష రాశాను అనే, పాసయ్యానని కాదు. రొమేనియన్‌లో పరీక్ష రాయడాన్ని 'ఇవ్వడం' అంటారు: 'అమ్ దత్ ఎగ్జామెనుల్'. పాసవడాన్ని 'తీసుకోవడం' అంటారు: 'అమ్ లుఅత్ ఎగ్జామెనుల్'. కాబట్టి వాళ్ల థర్డ్ ఇంజనీర్ ఇంగ్లీషులో 'టుక్' అన్నాడంటే, తన భాషలోంచి తెచ్చుకుని పాసయ్యానని చెప్తుండొచ్చు. అలాగే మీరు 'టుక్' అంటే వాళ్లు లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చేయొచ్చు, మీ రిజల్ట్ ఇంకా రాకపోయినా. ఈ గొడవ లేకుండా 'పాస్డ్' అనండి. మనవాళ్ల 'క్లియర్ చేశాను' మనలో మనకి బాగానే ఉంటుంది, ఓడ మీద క్లియరెన్స్ అంటే కస్టమ్సే గుర్తొస్తుంది. 'సక్సీడెడ్ టు పాస్' తప్పు, 'సక్సీడెడ్ ఇన్ పాసింగ్' ఒప్పు. కానీ టీ తాగుతూ అంత బరువుగా ఎవరూ మాట్లాడరు. 'మేనేజ్డ్ టు పాస్', 'గాట్ త్రూ' అలవాటు చేసుకోండి. రొమేనియన్‌లో 'అమ్ రెఉషిత్' అంటే సాధించాను. తప్పితే 'అమ్ పికత్', పడ్డాను అని.

ఎలా పాసయ్యారో కూడా చెప్పాలి కదా. దర్జాగా పాసైతే ఇంగ్లీషులో 'విత్ ఫ్లయింగ్ కలర్స్'. ఆ కలర్స్ రంగులు కావు, ఓడ జెండాలు. యుద్ధంలో నెగ్గిన ఓడ జెండాలు దించకుండా రేవుకి వచ్చేది, మాట అక్కడినుంచి వచ్చింది. రొమేనియన్లు 'కు బ్రియో' అంటారు, ఇటలీ సంగీతం నుంచి తెచ్చుకున్న మాట. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు పాసైతే ఇంగ్లీషులో 'స్క్రేప్డ్ త్రూ', రొమేనియన్‌లో 'లా ముస్తాత్సా'. ముస్తాత్సా అంటే మీసం. మనం వెంట్రుకవాసిలో గట్టెక్కితే వాళ్లు మీసంవాసిలో గట్టెక్కుతారు. నాకు వాళ్ల మాటల్లో బాగా ఇష్టమైనది ఇదే. మార్కుల సంగతి మీరే ఇలా నవ్వుతూ చెప్పేస్తే ఎదుటివాడు ఇంకేం అడగడు.

తేలికైన పనిని వాళ్లు 'ఫ్లొఆరె లా ఉరేకె' అంటారు. పదాలు విడదీస్తే 'చెవి దగ్గర పువ్వు'. ఇక్కడ జాగ్రత్త. మీ పని గురించి చీఫ్ ఈ మాట అన్నాడని ఎవరైనా చెప్తే, మన చెవిలో పువ్వు పెడుతున్నాడని మొహం మాడ్చుకోకండి. మనం నల్లేరు మీద బండి నడక అనేదే అది. ఇంగ్లీషులో 'పీస్ ఆఫ్ కేక్', 'ప్లెయిన్ సెయిలింగ్'.

కలిసొచ్చినవాణ్ణి చూసి 'అ అపుకత్ పె దుమ్నెజెవ్ దె ఉన్ పిచోర్' అంటారు. దేవుడి కాలు దొరకబుచ్చుకున్నాడు అని. దండం పెట్టాడని కాదు, చేతికి చిక్కించుకున్నాడని. మన నక్క తోక తొక్కినవాడు వీడే. ఇంగ్లీషులో 'హిట్ ద జాక్‌పాట్'. మంచి ఓడ, మంచి రూటు దొరికినవాడికి ఇది సరిపోతుంది. కష్టపడి ప్రమోషన్ తెచ్చుకున్నవాడితో మాత్రం అనొద్దు, వాడి కష్టమంతా అదృష్టం ఖాతాలో వేసినట్టవుతుంది. అతనికి 'ఫెలిచితర్' అని చెయ్యి కలపండి, అంటే కంగ్రాచ్యులేషన్స్.

జనరేటర్ ఓవర్‌హాల్ అయ్యాక ట్రయల్ వెయ్యకముందే "అయిపోయింది" అనే అలవాటు మన కుర్రాళ్లలో చాలామందికి ఉంది. అప్పుడు రొమేనియా చీఫ్ నోట వచ్చేది 'ను జిచె హోప్ పనా నై సరిత్'. దూకుతూ అనే 'హోప్' మాటని దూకకముందే అనకు అని. ఇంగ్లీషువాళ్లయితే గుడ్లు పొదగకముందే కోడిపిల్లల్ని లెక్కపెట్టకు అంటారు, మా అమ్మయితే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అనేది. చీఫ్ ఆ మాట అన్నాడంటే నవ్వి ఊరుకోకుండా లీకేజీలు ఇంకోసారి చూసుకోండి.

వాళ్ల పిల్లల ఫొటోలు చూపించి, ఫలానా పోటీలో గెలిచిందని చెప్తే మెచ్చుకున్నాక 'సా నూయ్ ఫియె దె దెఓకి' చేర్చండి. దిష్టి తగలకూడదు అని. ఈ ఒక్క మాటకి కరిగిపోని రొమేనియా తండ్రిని నేను చూడలేదు. ఆ పిల్ల జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోందా, ఇక నాదియా కొమనేచ్ కబుర్లే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆమెకి పదికి పది వస్తే, స్కోరుబోర్డు పది చూపించలేక 1.00 అని చూపించింది. తెలిసిన కథే అయినా వాళ్లని చెప్పనివ్వండి.

ఆగస్టు 15న మనం జెండా వందనం చేసుకుంటాం. వాళ్లకీ అదే రోజు నావికుల పండగ. పొద్దున్నే 'వింత్ బున్ దిన్ పూపా' అనండి. వెనకనుంచి మంచి గాలి వీచాలి అని నావికులు చెప్పుకునే శుభాకాంక్ష. సాయంత్రం 'నొరోక్' అంటూ గ్లాసులెత్తుతారు, ఓడలో మందు నిషేధమైతే కోక్‌తోనే. నొరోక్ అంటే అదృష్టం. ఎవరైనా తుమ్మినా అదే మాట అంటారు కాబట్టి, అది వినబడిన ప్రతిసారీ గ్లాసు కోసం వెతుక్కోకండి.