నెలలు నిలిపిన బైక్‌లో స్పార్క్ ప్లగ్ ఊడిరాకపోతే

ప్లగ్ బిగించే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, అల్యూమినియం; ప్లగ్ థ్రెడ్లు ఉక్కు. చలికాలమంతా బండి నిలిచిపోతే ప్లగ్ గుంటలో చేరిన తేమ వల్ల ఈ రెండు లోహాల మధ్య తుప్పు పుడుతుంది. ఆ తెల్లటి పొడి థ్రెడ్ల సందుల్లో గట్టిపడి ప్లగ్‌ని పట్టేస్తుంది. బలవంతం చేస్తే ముందు చిరిగేది మెత్తనైన హెడ్ థ్రెడ్లే. ప్లగ్ పోయినా మరొకటి దొరుకుతుంది కాబట్టి కాపాడుకోవాల్సింది హెడ్‌ని.

పానా వేస్తే అసలు కదలడం లేదు

ముందు గుంటలోకి గాలి కొట్టి ఇసుక, మట్టి బయటికి పంపండి. కళ్లకు అద్దాలు తప్పనిసరి. చాలా హెడ్లలో గుంట అడుగు నుంచి పక్కకి నీరు పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. అది పూడిపోతే నీరు అక్కడే నిలుస్తుంది, తుప్పుకి అసలు కారణం తరచుగా అదే. సన్న తీగతో తెరవండి.

తర్వాత పెనెట్రేటింగ్ ఆయిల్ (సన్న సందుల్లోకి ఇంకే పల్చటి నూనె) కొన్ని చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. అయితే దీని మీదే ఆశ పెట్టుకోవద్దు. ప్లగ్ కింది వాషర్ బిగిసి ఉన్నంతసేపూ ఆయిల్ థ్రెడ్ల దాకా దిగదు. మొదటి కదలిక తెప్పించేది వేడి. అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక, గోరువెచ్చని హెడ్‌లో పట్టు సడలుతుంది. ఇంజిన్ స్టార్ట్ అయితే రెండు మూడు నిమిషాలు నడపండి, కాకపోతే ప్లగ్ చుట్టూ హీట్ గన్ (వేడి గాలి వదిలే పరికరం) పట్టండి. మంట మాత్రం వద్దు, పక్కనే పెట్రోల్ ఉంది. చెయ్యి పెట్టలేనంత వేడిలోనూ తిప్పకండి, అప్పుడు థ్రెడ్లు ఇంకా తేలిగ్గా చిరుగుతాయి.

సరైన సాకెట్ వాడండి. 10 మి.మీ. థ్రెడ్ ప్లగ్‌కి సాధారణంగా 16 మి.మీ. సాకెట్, 12 మి.మీ. ప్లగ్‌కి 18 మి.మీ. సాకెట్ సరిపోతుంది. 14 మి.మీ. ప్లగ్‌లలో 21 సాకెట్ పట్టేవీ, 16 పట్టేవీ ఉన్నాయి. సాకెట్ నిటారుగా కూర్చోవాలి, పక్కకి వాలితే పింగాణీ పగులుతుంది. ముందు బిగించే వైపు వెంట్రుకవాసి నెట్టి, తర్వాత విప్పే వైపు లాగండి.

కొద్దిగా తిరిగి, కీచుమంటూ మళ్లీ పట్టేస్తోంది

తుప్పు పొడో, ప్లగ్ కొస థ్రెడ్లకి పేరుకున్న కార్బనో అడ్డుపడుతోంది. పొడవెక్కువైన ప్లగ్ వేసి ఉంటే కొస దహన గదిలోకి చొచ్చుకొచ్చి ఈ కార్బన్ మరీ ఎక్కువ పడుతుంది. ఇక్కడ ఓపికే పని చేస్తుంది. వాషర్ లేచింది కాబట్టి ఆయిల్ ఇప్పుడు లోపలికి దిగుతుంది. చుక్కలు వేసి పావుగంట ఆగండి, ఎనిమిదో వంతు చుట్టు విప్పండి, పట్టు తగిలిన వెంటనే వెనక్కి బిగించండి, మళ్లీ విప్పండి. ప్రతిసారీ కాస్త ముందుకి జరుగుతుంది.

ప్లగ్ ఊడింది, థ్రెడ్లు ఎలా ఉన్నాయి?

ప్లగ్‌కి వెండిరంగు తీగల్లాంటి ముక్కలు అంటుకుని వస్తే హెడ్ థ్రెడ్ చిరిగినట్టే. కొత్త ప్లగ్ బిగించి సరిపెట్టొద్దు. ఉక్కు ఇన్సర్ట్ (పాడైన రంధ్రంలో కొత్త థ్రెడ్లు ఇచ్చే తొడుగు) వేయించాలి, వీలైతే హెడ్ విప్పించి.

మురికి మాత్రమే ఉంటే థ్రెడ్లని కోయకుండా శుభ్రం చేసే థ్రెడ్ చేజర్ చాలు. థ్రెడ్లు కోసే మామూలు ట్యాప్ మంచి లోహాన్ని కూడా కోసేస్తుంది. చేజర్ గాడుల్లో గ్రీజు నింపితే పొడి దానికే అంటుకుంటుంది. చేజర్ కొలతలు (థ్రెడ్ వ్యాసం × థ్రెడ్ల మధ్య దూరం): 10×1.0, 12×1.25, 14×1.25 మి.మీ.

తిరిగి బిగించేటప్పుడు

చేత్తోనే మొదలుపెట్టండి. లోతైన గుంటలో ప్లగ్ పై కొసకి రబ్బరు గొట్టం తొడిగి తిప్పండి, థ్రెడ్ అడ్డంగా ఎక్కితే గొట్టం జారిపోయి మీకు తెలిసిపోతుంది. బండి మాన్యువల్లో టార్క్ (బిగించే బలం) లేకపోతే 10 మి.మీ.కి 10–12, 12 మి.మీ.కి 15–20, 14 మి.మీ.కి 25–30 న్యూటన్ మీటర్లు. ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ లేదా? కొత్త ప్లగ్ వాషర్ ఆనిన తర్వాత అర చుట్టు, పాత ప్లగ్ అయితే పన్నెండో వంతు. థ్రెడ్లకి లోహపు పూత ఉన్న ప్లగ్‌లకి యాంటీ సీజ్ (పట్టేయకుండా రాసే పేస్ట్) అక్కర్లేదని ప్లగ్‌ల తయారీ కంపెనీ ఎన్‌జీకే చెబుతోంది. అది రాస్తే జారుడు పెరిగి అదే టార్క్‌కి ప్లగ్ అతిగా బిగుసుకుంటుంది.