వేదికెక్కే మాట – 5వ పాఠం: మూడు నిమిషాల ఎవాల్యుయేషన్

పోయిన పాఠంలో టేబుల్ టాపిక్స్ (అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద మాట్లాడటం) చూశాం. ఈసారి వేదిక దిగి, వినేవాళ్ళ వరసలో కూర్చుందాం. తోటి సభ్యుల ప్రసంగం విని, ఏది బాగుందో, ఏది మార్చుకోవాలో సభలో చెప్పడమే ఎవాల్యుయేషన్.

టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో, అంటే నలుగురిలో మాట్లాడటం సాధన చేసే సంఘంలో, పాఠం చెప్పే మాస్టారంటూ ఎవరూ ఉండరు. 1924 అక్టోబరు 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, ఒక వైఎంసీఏ నేలమాళిగలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన నాటినుంచీ పద్ధతి అదే: సభ్యులే మాట్లాడతారు, సభ్యులే ఒకరినొకరు దిద్దుకుంటారు. దిద్దేవాళ్ళు మొహమాటపడే క్లబ్బులో ఏడాది తిరిగినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది.

మీకిచ్చే సమయం 2 నుంచి 3 నిమిషాలు. టైమర్ 2 నిమిషాలకి ఆకుపచ్చ, రెండున్నరకి పసుపు, 3కి ఎరుపు చూపిస్తారు. ఎవాల్యుయేషన్ పోటీలో అయితే ఒకటిన్నర నిమిషంలోపే ముగించినా, మూడున్నర దాటినా అనర్హతే.

పని మీటింగుకి రెండు రోజుల ముందే మొదలవుతుంది. వక్తకి ఫోన్ చేసి ప్రాజెక్టు (ఆ ప్రసంగంతో సాధన చేస్తున్న పాఠం) ఏమిటో, ఈసారి ప్రత్యేకంగా దేన్ని గమనించమంటారో అడగండి. ఐస్ బ్రేకర్, అంటే క్లబ్బులో మొదటి ప్రసంగం, ఇచ్చేవాళ్ళు 4 నుంచి 6 నిమిషాలు తమ గురించి తాము చెప్పుకుంటారు. వాళ్ళని చేతుల కదలిక గురించి నిలదీస్తే రెండో ప్రసంగానికి రారు. ఆ ప్రాజెక్టుకి ఎవాల్యుయేషన్ రాసిచ్చే ఫారం మీరే ప్రింటు తీసుకెళ్ళండి, అక్కడ దొరుకుతుందిలే అనుకోవద్దు.

ప్రసంగం నడుస్తుండగా నోట్సు ఎలా రాయాలన్నదే అసలు విద్య. కాగితం మీద నిలువుగా మూడు గడులు గీయండి. మొదటి దాంట్లో సమయం, రెండో దాంట్లో విన్నది లేదా చూసింది, మూడో దాంట్లో అది మీకు ఎలా తగిలింది. ‘గొంతు బాగుంది’ అని రాసుకుంటే అది నోట్సు కాదు, తీర్పు. ఇలా ఉండాలి: ‘2వ నిమిషం – “నాన్న ఆటో అమ్మేశాడు” అని మూడు సెకన్లు ఆగారు – హాలు కిమ్మనలేదు.’ ఒక్కో నోటుకి ఐదారు మాటలు మించకూడదు. తల వంచుకుని రాస్తూ కూర్చుంటే వక్త ఎవరి వైపు చూస్తున్నారో మీకు కనపడదు.

ఇలా రాస్తే పది పన్నెండు నోట్లు తేలతాయి. అన్నీ చెప్పాలనిపిస్తుంది, చెప్పొద్దు. ప్రసంగం ముగించి కూర్చున్న మనిషికి ఇంకా గుండె దడ తగ్గి ఉండదు. ఐదు లోపాలు వింటే ఒక్కటీ గుర్తుండదు. నిలబెట్టుకోవాల్సినవి రెండు, మార్చుకోవాల్సింది ఒకటి ఎంచుకోండి. మిగతావి ఫారంలోకి వెళ్ళాలి. అందులో 1 నుంచి 5 దాకా మార్కులతో పాటు, ఏది బాగా వచ్చింది, దేనిమీద పనిచేయాలి, ఇంకో మెట్టు ఎక్కాలంటే ఏం ప్రయత్నించాలి అని మూడు ఖాళీలుంటాయి. ‘అంటే’లు, ‘సో’లు, ‘యాక్చువల్లీ’లు లెక్కపెట్టడం ఆ-కౌంటర్ పని, భాషాదోషాలు గ్రామేరియన్ చూసుకుంటారు. వాళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టకండి.

ఇప్పుడు ఒక సందర్భం చూద్దాం. వక్త లేచి సభకి నమస్కారాలు, అవకాశమిచ్చినందుకు కృతజ్ఞతలు, తనకి అంతగా మాట్లాడటం రాదన్న క్షమాపణ అన్నీ చెప్పి, అప్పుడు ‘ఆ రాత్రి రెండింటికి ఫోన్ మోగింది’ అంటూ కథలోకి దిగారనుకోండి. దీనికి మామూలుగా వినిపించే సలహా: ‘ప్రారంభం ఇంకా బాగుండాల్సింది.’ ఇంటికెళ్ళి దీంతో ఏం చేయాలి? ఇలా చెప్పి చూడండి:

‘మొదటి 40 సెకన్లు నమస్కారాలకీ క్షమాపణకీ పోయాయి. అప్పటిదాకా నేను అజెండా కాగితం చూస్తున్నాను. “ఫోన్ మోగింది” అనగానే తలెత్తాను. వచ్చేసారి ఆ వాక్యంతోనే మొదలుపెట్టండి, నమస్కారం దాని తర్వాత పెట్టుకోవచ్చు.’

చూసింది, తగిలింది, చేయాల్సింది. మొత్తం పాతిక సెకన్లు కూడా పట్టదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. వక్త మీకన్నా పాతికేళ్ళు పెద్దవారైతే ‘మీరలా చేయకూడదండీ’ అన్న మాట నోట్లోంచి రాదు, వస్తే ఆయనకి గుచ్చుకుంటుంది. దాంతో చాలామంది పొగిడేసి కూర్చుంటారు. దీనికి విరుగుడు, వాక్యాన్ని మీ మీదకి తిప్పుకోవడం: ‘వెనక వరసలో ఉన్న నాకు వాక్యం చివరి మాట అందలేదు.’ తెలుగులో ప్రసంగాలు వినేటప్పుడు ఇది తప్పకుండా పట్టాల్సిన లోపం కూడా. మన క్రియ వాక్యం చివర వస్తుంది, ఊపిరి అయిపోయేదీ అక్కడే. ‘ఆ డబ్బు నేను తీసుకో...’ తర్వాత ‘లేదు’ మింగేస్తే కథే తలకిందులవుతుంది. సలహా కూడా తేలికైనదే: పొడవాటి వాక్యాన్ని రెండు చేసి, మధ్యలో ఊపిరి తీసుకోమనండి.

కొత్తవాళ్ళు ఎక్కువగా జారిపోయేది ప్రసంగాన్ని మళ్ళీ చెప్పడం దగ్గర. సభంతా అది ఇప్పుడే విన్నారు. ‘నేనైతే ఏం చేస్తానంటే’ అని సొంత గోడు ఎత్తుకోవడం రెండోది. మూడోది ‘కానీ’. ‘చాలా బాగా చెప్పారు, కానీ...’ అనగానే ముందరి మెచ్చుకోలు కొట్టుకుపోతుంది. మెచ్చుకోలు దగ్గర వాక్యం ఆపేయండి. సలహాకి ముందొక పొగడ్త, వెనకొక పొగడ్త పెట్టి మూట కట్టే అలవాటు మాకు నచ్చదు. నాలుగు మీటింగులయ్యేసరికి సభ్యులు ఆ వరస పసిగట్టి, మొదటి పొగడ్తని వినడమే మానేస్తారు.

ఈ వారం అభ్యాసం: యూట్యూబులో 5 నుంచి 7 నిమిషాల తెలుగు ప్రసంగం ఒకటి తీసుకోండి. ఒకసారి ఊరికే వినండి. రెండోసారి, ఎక్కడా ఆపకుండా, మూడు గడుల్లో నోట్సు రాయండి. పోటీలో సిద్ధపడటానికి ఇచ్చేది 5 నిమిషాలే కాబట్టి మీరూ అంతే తీసుకోండి. తర్వాత నిలబడి ఎవాల్యుయేషన్ ఇస్తూ ఫోన్లో రికార్డు చేసుకోండి. వినేటప్పుడు ఒక్కటే చూడండి: మీ సలహా ఎన్నో సెకనుకి మొదలైంది? రెండో నిమిషం దాటాక మొదలై ఉంటే ముందున్నదాంట్లో సగం కోసేసి మళ్ళీ రికార్డు చేయండి.

వచ్చే పాఠంలో జనరల్ ఎవాల్యుయేటర్ బాధ్యత చూద్దాం. ఎవాల్యుయేటర్లని కూడా ఎవాల్యుయేట్ చేసే పని అది. దానికి పేరివ్వకముందు క్లబ్బులో కనీసం నాలుగు ప్రసంగాలకి ఎవాల్యుయేషన్ ఇచ్చి ఉండండి.